స్టీరింగు పగ్గాలు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటేడు. ఆలూరు దగ్గర శెనక్కాయల మూటలతో కాలువలోకి ఒరిగిన లారీ పక్కన డ్రైవరు తల వంచుకుని కూర్చున్నాడు. కబురు అంది బస్సులో వచ్చిన షావుకారు, తిట్టాల్సినవన్నీ దారిలోనే కూడబెట్టుకున్నాడు.

“తాగినావా?”

“లేదు సామీ. కునుకు పట్టింది.”

“మెలకువ వచ్చినాక బ్రేకు తొక్కలేదా?”

డ్రైవరు వేలితో నేల గీరాడు.

“‘హో, హో’ అంటా స్టీరింగును ఎనక్కి గుంజినా సామీ. పగ్గాలనుకుంటి.”

షావుకారుకు నవ్వు రాబోయి ఆగిపోయింది. డ్రైవరు ఇరవై ఏళ్లు షావుకారు ఎద్దులబండి తోలిన మనిషి. లారీ కొని రెండేళ్లే.

“బండి మీద కూడా నిద్రపోతాంటివి కదప్పా.”

“పోతాంటి. ఎద్దులు మేలుకోని ఉంటాయి కదా.”

“ఎప్పుడు బయల్దేరినావు?”

“నిన్న తెల్లారి, కడపలో. కర్నూల్లో సరుకు దించి, ఈ మూటలెత్తుకోని బళ్లారి దావ పట్టినా. యాడా నిలపొద్దని మీరే చెప్పింటిరి.”

షావుకారు చూపు తిప్పుకున్నాడు.

“ఎద్దుల్ని ఎంత దూరానికి విప్పుతాంటివి?”

“నాలుగు కోసులకొకసారి. నీళ్లు తాపి, మేతేసి, నెమరేసేదాకా పండబెడతాంటి. అదీ మీరు చెప్పిందే సామీ.”

షావుకారు పైగుడ్డ తీసి లారీ నీడలో పరిచాడు.

“పండుకో.”

“లారీని పైకి లాగల్ల కదా సామీ. ఊళ్లోకి పోయి ఎద్దుల్ని అడిగొస్తా.”

“ఎద్దులకు నేను పోతాలే. ముందు నిన్ను విప్పల్ల.”