బాబా మిద్దె మీద సొరబుర్రలు

కువైట్, జాబ్రియాలో ఒక ఇంటి మిద్దె. డ్రైవర్ గంగాధర్ నిచ్చెన ఎక్కి, పాత డిష్ కంబానికి ఎండిన సొరబుర్రలు వేలాడదీస్తున్నాడు. వంటమనిషి మునిలక్ష్మి కింద నిచ్చెన పట్టుకుంది. ఇంటి యజమాని వీళ్లకు బాబా, ఆయన భార్య మామా.

"గట్టిగా పట్టుకో మునిలక్ష్మక్కా. నేను పడితే దినార్ రేటు పడిపోతాది."

"నువ్వు పడితే పడు. బుర్రలు పగలకుండా చూసుకో. చలికాలమంతా ఏసీ రూములో పెట్టి ఎండబెట్టించింది మామా. నేను వంటింటికి ఫ్యాన్ అడిగితే మాత్రం మూతి తిప్పుకోని పాయె."

"వాటికి మన మాదిరి పనోళ్ల ఇఖామా కార్డు లేదు కదక్కా. కార్డు లేనోళ్లంతా ఈ ఇంట్లో చుట్టాలే."

"ఆ తెల్ల పెయింట్ దేనికిరా?"

"ఎండకు. పెయింట్ కొట్టకుంటే బుర్రలోనుంచి పిట్ట రాదు, ఆమ్లెట్టొస్తాది."

"అడుగున ఆ బొక్కలు?"

"వాన నీళ్లు కారిపోయేదానికి."

"వానా? ఈడనా?"

"వీడియోలో అట్లే చేసినారు. బాబా పక్కన నిలబడి చేపిచ్చినాడు. నన్నేం చేయమంటావ్?"

"ఇంతకీ ఏం పిట్టరా అది?"

"పర్పుల్ మార్టిన్ అంట. ఊదా రంగు. బాబా అమెరికాలో చదువుకునేటప్పుడు ఆయన అద్దెకుండిన ఇంటి ముసలామె ఇట్లే కంబానికి బుర్రలు కట్టేదంట. తెల్లారితే పిట్టల పాట. ఆ పాట మళ్లా వినాలంట ఈయనకు."

"అమెరికా పిట్ట జాబ్రియాకు ఎట్లొస్తాది?"

"రాదు."

"రాదా?"

"రానే రాదు. ఫోన్లో చూసినా. అది ఆ పక్కనే తిరుగుతాదంట, ఈ పక్కకు మొకమే పెట్టదు. దానికి మన ఏజెంట్ దొరకల్యా."

"ఓరి నీ... మరి బాబాకు చెప్పొద్దా?"

"ఎట్ల చెప్తానక్కా? బుర్రలో పిట్ట కాపురం పెట్టిన రోజే సెలవిస్తా, టికెట్ కూడా నాదే అన్నాడు మనిషి."

"ఎవరికి? నీకా?"

"మరి బుర్రలు కట్టింది ఎవరు?"

"అంటే నేను మళ్లా ఆగాల్నా? ఒకరు పోతే ఒకరుండాల అంటాది మామా. పోయిన రంజాన్‌కూ నువ్వే పోతివి."

"ఈసారి పొయ్యొస్తా. తర్వాత నువ్వే."

"నా కొడుకు పెండ్లి ఫోన్లో చూసినా రా. అక్షింతలు ఫోన్ మీద ఏసినా. ఆ బియ్యం గింజ ఇంగా దాని సందులోనే ఉండాది."

"నా బిడ్డ ఫోన్‌నే నాయనా అంటాందక్కా. ఛార్జింగ్ పెడితే, నాయన పాలు తాగుతాండాడు, ముట్టుకోవద్దు అంటాదంట."

"కట్టు, కట్టు. రాని పిట్టకు ఇల్లు కట్టు."

"వస్తాది. ఊదాది రాదు, గోరింక వస్తాది. పోయిన వారం కట్టిన బుర్రల్లో రోజూ పొద్దున్నే ఖుబూస్ రొట్టె ముక్కలు వేస్తాండా."

"గోరింకను చూసి బాబా నమ్ముతాడా?"

"అద్దాలు పెట్టుకుంటే ముసలోడంటారని పెట్టుకోడు కదా. అద్దాలు లేకుంటే ఆయనకు ఒంటె కూడా ఊదా రంగే."

"మరి పాట?"

"కువైట్ నీళ్లు తాగి గొంతు మారిందని చెప్తా."

"నువ్వు చెప్తే చాలు, నమ్మేస్తాడా?"

"నమ్మేటట్టే చెప్పినా. మా రాయచోటిలో మాదే పిట్టల కాంట్రాక్టు, మా తాత బుర్రలు కడితే కలెక్టరు వచ్చి రిబ్బను కత్తిరిచ్చేవాడు అని చెప్పినా."

"థూ."

"ఇంగో మాట కూడా చెప్పినా. ఆ పిట్ట పొద్దున్నే నా పాట వింటేనే గుడ్డు పెడతాది బాబా, వినకుంటే గుడ్డు కడుపులోనే పెట్టుకోని తిరుగుతాది అన్నా."

"నీ పాటకా? నువ్వు కారు కడుగుతా పాడితే పక్కింటి పిల్లి ఇల్లు ఖాళీ చేసింది. అది నమ్మినాడా బాబా?"

"చేయి గుండె మీద పెట్టుకోని, మాషా అల్లా అన్నాడు."

"గంగాధరా."

"ఏంది?"

"ఉష్... కదలొద్దు. ఆ చివర బుర్ర చూడు."

"గోరింక! పుల్ల పట్టుకోని లోపలికి పోయిందక్కా!"

"జత కూడా వచ్చిందిరో. అదిగో, గోడ మీద."

"కాపురమే! ఇది కాపురమే! అక్కా, పరిగెత్తు, బాబాకు చెప్పు. నేను దిగితే బెదిరిపోతాయి."

"నేను చెప్పాల్నా?"

"నీ పుణ్యముంటాది, యల్లా యల్లా!"

మునిలక్ష్మి కిందికి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చింది.

"ఏమన్నాడక్కా?"

"ఏడ్చినాడురా."

"ఏడ్చినాడా?"

"కిటికీలోనుంచి చూసి, ఆ ముసలామెను తలుచుకోని ఏడ్చినాడు. ఊదా రంగు ఎంత మెరుస్తాందో చూడు మునిలక్ష్మీ అన్నాడు. మెరుస్తాంది బాబా అన్నా."

"మరి సెలవు?"

"ఇచ్చినాడు."

"ఎప్పటికి?"

"ఈ వారమే. టికెట్ చూస్తాండాడు ఫోన్లో."

"అక్కా! నీ కాళ్లకు దండం పెడతా!"

"నిచ్చెన మీద ఎగరొద్దు. పిట్ట బెదురుతాది."

"బెదిరితే బెదరనీ! ఖలాస్, నా పని అయిపాయ!"

"బెదరకూడదంట. గుడ్లు పెట్టి, పిల్లలై, ఎగిరిపొయ్యేదాకా దాన్ని కంటికి రెప్పలా చూడాలంట."

"చూస్కోనీ. ఎవరొద్దన్నారు?"

"గంగాధర్ పోతే పిట్టలను ఎవరు చూస్తారని నన్నే అడిగినాడు."

"నేను చూస్తా అని చెప్పింటావు కదా?"

"నాకేం తెలుసురా పిట్టల సంగతి? మాది పిట్టల కాంట్రాక్టు కాదే. గంగాధర్ పాట వినకుంటే గుడ్డు కడుపులోనే పెట్టుకోని తిరుగుతాదంట కదా బాబా, అని గుర్తుచేసినా."

"అక్కా..."

"ఒకరు పోతే ఒకరుండాల కదబ్బీ."

"అక్కా, టికెట్ ఎవరి పేరు మీద చూస్తాండాడు?"

"పాడు గంగాధరా, పాడు, బాబా కిటికీ తెరిచి పెట్టుకున్నాడు. నీ బిడ్డకు ఏమన్నా పంపాలంటే ఇయ్యి, నా పెట్టెలో చోటుంటాది. కొత్త ఛార్జరైతే బాగుంటాది."