శనివారం వదిలే నీళ్ళు

గున్నేశ్వరరావు అబద్ధాలు ఆడే మనిషి కాదు. ఉన్న నిజాన్నే కాస్త సాగదీస్తాడు, అదీ వినేవాళ్ళు నలుగురుంటేనే. పాలకొల్లు రోడ్డులో యూనివర్సిటీ సెంటరు పెట్టిన దగ్గర్నుంచీ కెమిస్ట్రీ ల్యాబులో ఆయనే అటెండరు, స్టోరు తాళాలన్నీ ఆయన మొలనే ఉంటాయి. పిల్లల ప్రయోగాల్లో మిగిలిన యాసిడ్లు వారమంతా జాడీల్లో పోగేసి, శనివారం పొద్దున్నే వెనక గోతిలో పోసి, సున్నం కలిపి, ఘాటు చచ్చాక తూమెత్తి మురుగుకాలవలోకి వదలడం ఆయన డ్యూటీ. ఇందుకని నెలకి రెండు బస్తాల సున్నం యూనివర్సిటీయే ఇస్తుంది.

ఆ శుక్రవారం సాయంత్రం చంద్రరావు టీ పాకలో బల్ల మీద కూచుని ఆయన మొదటి గుక్క తాగాడో లేదో, లోవలక్ష్మి వచ్చి చేపల తట్ట దించింది.

"శనివారం శనివారం మీ కాలేజీలోంచి ఏం వదులుతున్నారండి?" అని అడిగింది.

కొరమీనుకి ప్రాణం ఉంటేనే గిరాకీ. అందుకని వాళ్ళాయన పట్టినవి వెదురుబుట్టలో వేసి, మూత బిగించి, ఆదివారం సంత దాకా ఆ మురుగుకాలవలోనే ముంచి ఉంచుతారు. బయట తిరిగే చేప అయితే ఎటో ఒకవైపు పారిపోతుంది, బుట్టలోది ఎక్కడికి పోతుంది? కాలవలో నీళ్ళు తగ్గిన దగ్గర్నుంచీ వరసగా మూడు శనివారాలు అన్నీ వెల్లకిలా తేలాయి. రేపు కూడా తేలితే ఇంట్లో పొయ్యి వెలగదని చెప్పి, జవాబు వినందే కదలనన్నట్టు ఆవిడ నేల మీద చతికిలబడింది.

మూడు నెలలుగా గోతిలో చిటికెడు సున్నం పడలేదన్న సంగతి తనొక్కడికే తెలుసని గున్నేశ్వరరావు అనుకుంటున్నాడు. ఆ మాట నలుగురిలో ఎలా చెబుతాడు? చెప్పలేక కోతలకి దిగాడు.

"ఏం వదులుతున్నానా? అది ఆషామాషీ పని కాదమ్మా. నీళ్ళ మీద డెబ్బైనాలుగులో ఢిల్లీలో చట్టం చేశారు. అది చదివి మా ప్రొఫెసర్లే వణికిపోతుంటే, మీరు పాఠాలు చెప్పుకోండి సార్, జాడీల సంగతి నాకొదిలెయ్యండి అన్నాను. మొదటిరోజు అరసీసా యాసిడ్డు, బిరడా బిగుసుకుపోయి ఎవరికీ రాలేదు. నేను పట్టి తిప్పానా, ఒక్క చుక్క ఇదిగో ఈ మణికట్టు మీద పడింది, చూడు."

మచ్చ నిజమే. రూపాయి బిళ్ళంత నల్లగా ఉంది. రావులపాలెం బస్సు కోసం కూచున్న అరటికాయల వ్యాపారి బంగార్రాజు వంగి చూసి, అరసీసాయేనా అన్నాడు. ఆ ఒక్క మాట చాలు గున్నేశ్వరరావుకి.

"అరసీసాతో ఆగితే ఇంకేముందండి? పన్నెండు జాడీలు, ఒక్కోటి నా ఎత్తుంటుంది, ఒంటి చేత్తో గోతిలో పోసి సున్నం కొట్టాను. కుతకుతా ఉడికి లేచిన పొగ కొబ్బరిచెట్ల మీదకి పోయి, ఆ దారిన పోయే కాకులన్నీ కొంగల్లా తెల్లబడిపోయాయి. అక్కడితో అయిపోయిందనుకుంటున్నారేమో, అసలు కథ అప్పుడే మొదలైంది. రాజమండ్రి బ్రిడ్జి మీద మెయిలు బండి డ్రైవరు ఆ తెలుపు చూసి, మంచు కురుస్తోందని బండి ఆపేశాడు."

"రాజమండ్రి దాకానా అండి?" అన్నాడు చంద్రరావు, గ్లాసులు కడుగుతూ.

"గాలి ఎటుంటే అటు పోదూ! ఎమర్జెన్సీ రోజులు, ఢిల్లీ నుంచి ఇన్‌స్పెక్టరు దిగాడు, ఎవడీ గున్నేశ్వరరావు అంటూ. లిట్మస్ కాగితం తీసి నా నీళ్ళలో ముంచాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీలం కాగితం ఎర్రబడలేదు సరికదా, చిగురేసింది. ఆయన దోసిలి పట్టి రెండుసార్లు తాగి, లేత కొబ్బరినీళ్ళు కూడా ఇలా ఉండవయ్యా అని, సీసాలో పట్టుకుపోయాడు."

బంగార్రాజు పడీ పడీ నవ్వాడు. లోవలక్ష్మి మాత్రం నవ్వలేదు, కన్నార్పకుండా చూస్తోంది. ఆ చూపుకి గున్నేశ్వరరావుకి చెమట పట్టింది. పట్టినకొద్దీ కోత పెద్దదైంది.

"ఆ తీపికి, అమ్మా, అంతర్వేది సముద్రంలోంచి పులసలు గోదారి వదిలేసి, మన మురుగుకాలవలోకి ఎదురెక్కి వచ్చి, నా తూము దగ్గర వరసకట్టి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డాయి. ఒక్కొక్కటీ తాగి, తోకతో దండం పెట్టి పోయేది."

పాక అంతా గొల్లుమంది. ఆ నవ్వు సద్దుమణిగేదాకా ఆగి, అప్పుడు మాట్లాడింది లోవలక్ష్మి.

"పులస మురుగులోకి రాదండి. పోనీ, తమరన్నారు కాబట్టి వచ్చిందనే అనుకుంటాను. రేపు నా బుట్ట తమరి తూము కిందే కడతానండి. బుట్ట పక్కనే నేనూ పీకల్లోతు నీళ్ళలో కూచుంటాను. అంత తీపి నీళ్ళయితే భయమెందుకు? తమరు వచ్చి తూమెత్తండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. అన్నంత పనీ చేస్తుందని మాత్రం అందరికీ తెలిసింది. గున్నేశ్వరరావు చేతిలో టీ చల్లారిపోయింది. మణికట్టు మీద మచ్చ వైపు చూసుకున్నాడు. ఒక్క చుక్కకే వారం రోజులు నిద్ర లేదు తనకి.

"వద్దమ్మా," అన్నాడు, మొదటిసారి కోతల్లేని గొంతుతో. "నీళ్ళలోకి దిగకు. సున్నం పడేదాకా రేపు తూమెత్తను."

"ఎప్పుడు పడుద్దండి?"

"తెల్లారేలోపు రెండు బస్తాలు కావాలి. ఇంత గభాల్న ఎక్కడ దొరుకుతాయో ఏమో," అని గొణుక్కున్నాడు.

చంద్రరావు తలెత్తలేదు. కడిగిన గ్లాసుతోనే రోడ్డు అవతల గున్నేశ్వరరావు ఇంటివైపు చూపించాడు. మొన్నమొన్ననే మూడు పూతలు వెల్ల వేయించిన ప్రహరీ, పొద్దువాలే ఎండలో కళ్ళు మిరుమిట్లు గొలుపుతోంది.

"ఎక్కడికో పోవడం దేనికండి? ఆ గోడ గీకండి. మూడు నెలల బస్తాలూ అక్కడే ఉన్నాయి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. గున్నేశ్వరరావు తాళాలగుత్తి సర్దుకుని, సొంత డబ్బు పెట్టి కొనడానికి ఊరి చివర సున్నపు బట్టీ వైపు నడిచాడు. లోవలక్ష్మి తట్ట నెత్తినెట్టుకుని, బస్తాలు గోతి దగ్గర దిగేదాకా చూసే పోతానని, ఆయన వెనకే నడిచింది.