ఎవరికీ దొరకని ఆట

మామిడికుదురులో సత్తెమ్మ టీకొట్టు బల్ల మీద కొబ్బరి వ్యాపారి బుల్లబ్బాయి కూర్చున్నాడంటే టీ చల్లారాలిగానీ ఆయన నోరు చల్లారదు. రిటైరైన దేవదానం మాస్టారికి ఆ సంగతి తెలుసు. అయినా మనవరాలు శారోన్ ఆయన సలహా విందామంటే వచ్చి కూర్చున్నాడు. ఆ పిల్ల ఏళ్ల తరబడి కష్టపడి గోదారిలో పడవ నడిపే వీడియో గేమ్ తయారుచేసింది. టీవీకి తగిలించే గేమ్ పెట్టెలు చేసే కంపెనీ ఒకటి, ఆట మా పెట్టెలో తప్ప ఇంకెక్కడా రాకూడదు, అడ్వాన్సిస్తాం అంది. సాయంత్రానికి జవాబు చెప్పాలి.

"ఒప్పేసుకో అమ్మా, బేరం నాకొదిలెయ్," అన్నాడు బుల్లబ్బాయి. "ఆ పద్ధతి వాళ్లకి నేర్పిందే నేను! హైదరాబాదులో ఆ కంపెనీ పెద్దాయన, మంచి ఆటలన్నీ అవతలి కంపెనీవాళ్లు ఎగరేసుకుపోతున్నారండీ అని నా ముందు కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మేం కాయ దింపుకి ముందే తోటకి బయానా ఇస్తాం, ఆపైన ఆ కాయ ఇంకెవడూ ముట్టుకోడు, మీరూ ఆట పిందె మీదుండగానే పట్టెయ్యండి అన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీరు చెప్పకుండా ఊరుకుంటారా?" అన్నాడు దేవదానం.

"కాయలెందుకు, చెట్లే కొనమన్నాను! ఆటలు చేసే కుర్రాళ్లని ఆఫీసులతో సహా కొని గోదారి మధ్య కపిలేశ్వరపురం లంకలో దింపేశాం. వాళ్లని లాక్కుపోడానికి అవతలివాళ్లు హెలికాప్టర్లో వచ్చేరండీ! మోకు విసిరి దాన్ని కొబ్బరిచెట్టుకి కట్టేశాను. అది అక్కడే గిరగిరా తిరిగింది. ఆ గాలికి మండపేట మిల్లుల ధాన్యమంతా ఆరిపోయింది!"

"ఆయ్," అంది సత్తెమ్మ, నవ్వు కొంగులో దాచుకుంటూ.

దేవదానానికి ఒళ్లు మండింది. తన కొబ్బరితోటకి బయానా తీసుకున్న పాపానికి, మంచి ధర పలికినప్పుడు ఇంకొకరికి అమ్ముకోలేక, వ్యాపారి లారీ రాక, రాశిలోనే కాయలు మొలకెత్తుతుంటే చూస్తూ కూర్చున్న మనిషి ఆయన.

"ఇంకా వినండి మాస్టారూ! ఒక ఆట కోసం ప్రపంచంలోని కంపెనీలన్నీ జుట్లు పట్టుకున్నాయి. వీళ్లకి దక్కకుండా వాళ్లచేత, వాళ్లకి దక్కకుండా వీళ్లచేత బయానాలిప్పించి, ఆఖరికి ఏ పెట్టెలోకీ రాకుండా నా కొబ్బరి గోడౌన్‌లో పెట్టి తాళం వేశాను!"

శారోన్ తలెత్తింది. "మరి ఆ ఆట ఎవరాడేరు బాబాయిగారూ?"

"ఒక్కడంటే ఒక్కడు ఆడలేదమ్మా! అదీ నా గొప్ప!"



"మరి అది చేసినవాడేమయ్యాడండీ?" అంది శారోన్.

బుల్లబ్బాయి చల్లారిన టీ ఎత్తి గటగటా తాగేశాడు.

శారోన్ అక్కడే కంపెనీకి ఫోన్ చేసింది. "అడ్వాన్సు వద్దండీ. మీ పెట్టెకీ ఇస్తాను, అవతలివాళ్ల పెట్టెకీ ఇస్తాను. ఆడాలనుకున్న ప్రతివాళ్లూ ఆడాలి."

"అయ్యయ్యో, నా మాట వినకుండా..." అన్నాడు బుల్లబ్బాయి.

"మీ మాట వినే చేసిందండీ," అన్నాడు దేవదానం.