స్పానరు యాడినుంచి దూరతాది

"అవ్వా, తిరువొత్తియూరు పంపుల ఫ్యాక్టరీకి ఇంటర్వ్యూకి పోయినా కదా. ఆడొక పెద్ద ఫిట్టరు నా డ్రాయింగు చూసి, 'ఈ బోల్టు బిగించాలంటే స్పానరు యాడినుంచి దూరతాదమ్మా' అన్నాడు. నేనది చూసుకోనేలా. ఆ నిమిషం పట్టుకున్న గుబులు ఇంకా పోలా. అయినా ఉద్యోగం ఇచ్చినారు. బెంగుళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళూ ఇచ్చినారు. సోమవారంలోపల చెప్పాల. నేను బెంగుళూరే పోతా. మెకానికల్ నాకు రాదు."

అంతేనా? అదడిగినందుకా మూడు దినాలుగా మొహం ముడుచుకోని ఉండావు? ఇట్ల కూర్చో కణ్ణూ. నా మాటలు ఫోన్లో ఎక్కించుకుంటావా, ఎక్కించుకో, నాకేం.

నేనూ తిరువొత్తియూరులోనే కదా చేసింది. నీ మాదిరి చదువు కాదులే. ట్రేసర్ అనేవాళ్ళు. ఇంజినీరు పెన్సిల్‌తో గీసింది కిందబెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, ఇంకుతో దిద్దాల. చెమటబొట్టు పడిందా, మళ్ళీ మొదట్నుంచి. మన చూలై పేట నుంచి ముగ్గురం ఆడోళ్ళం రైల్లో పోతాంటిమి... కాదు, ఇద్దరం. మూడో ఆమె పెండ్లయి మానేసింది. స్టేషన్లో ఇడ్లీ అప్పుడు ఎంతంటే... సరి, అదొద్దులే.

ఆడ కన్నయ్య అని ఫిట్టరు. మనోడే, చింతాద్రిపేట. నేను దిద్దతా ఉంటే వచ్చి, డ్రాయింగు పైన చెయ్యిపెట్టి, "అక్కా, ఈ వాల్వు చక్రం తిప్పాలంటే నా చెయ్యి దూరతాదా?" అంటాడు. ఇంత లావు చెయ్యి. నాకు మండేది. అయినా పోయి ఇంజినీరుకి చెప్తే, ఆయన గొణుక్కుంటా మార్చేవాడు.

అప్పురం, కొన్నేండ్లకి, మౌంట్ రోడ్డు హెడ్డాఫీసుకి రమ్మన్నారు. బల్లకొక ఫ్యాను. మీ తాత ఊరంతా చెప్పుకున్నాడు. పోయినా. చెయ్యి దూరతాదా అని ఆడ ఎవురూ అడగరు. హాయిగానే ఉండింది, అబద్ధమెందుకు. ఒకసారి పంపు డ్రాయింగు వచ్చింది, చక్రం గోడకి ఆనుకోని ఉండాది. కన్నయ్య చెయ్యి గుర్తొచ్చి ఆఫీసరుకి చెప్తే, "దిద్దేదే మీ పనమ్మా" అన్నాడు. దిద్దినా. మూలన నా సంతకం కూడా పెట్టినా.

మూడు నెలలకి కన్నయ్య ఏదో కాగితం ఇచ్చేదానికి వచ్చినాడు. వేళ్ళ కణుపుల మీద తోలు లేదు. ఆ పంపే. నన్నొక మాట అనలా, పావం. పైకి చూసి, "ఫ్యాను బాగా తిరగతా ఉందా అక్కా" అన్నాడు. అంతే.

మరుసటి వారమే వెనక్కి ఫ్యాక్టరీకే పోతానని అడిగినా. ఏ మొహం పెట్టుకోని పోయేదని సిగ్గుతో చచ్చినా. ఫ్యాక్టరీ మేనేజరు తల కూడా ఎత్తలా, "నీ స్టూలు ఆడే ఉంది పో" అన్నాడు. దానికి ఒక కాలు పొట్టిలే, ఎవురూ కూర్చోలా. కొంపలేం మునగలా చూడు. రిటైరయ్యేదాకా దానిమీదే.

నీ డ్రాయింగు పనికిరాదనుకోనుంటే ఆ పెద్దాయన ఏమీ అడక్కుండా చుమ్మా పక్కన పెట్టేసుండును కదే. నువ్వొస్తావనే అడిగినాడు. బెంగుళూరులో అట్ల అడిగేవాళ్ళుంటే ఆడికే పో, నేనొద్దనను. ఉండారా?

"నేను చేసేది ఎవరు వాడతారో కూడా చెప్పలా అవ్వా."

ఏంది నవ్వతావు? హమ్మయ్య, ఇప్పటికి నవ్వినావు. ఆ టైపేంది? తిరువొత్తియూరుకా? చేరతానని అప్పుడే పంపేసినావా? సరి సరి. కుదరలేదంటే తిరిగొస్తావు, రైలు ఉండనే ఉండాది. చల్లగా ఉండు తల్లీ. నీ డ్రాయింగుల్లో అందరి చేతులూ దూరాల... అవునే, ఆ పెద్దాయన పేరేంది? అడగలా? చేరిన దినం మొదట అదడుగు. మా కన్నయ్యకైతే టీలో మూడు చెంచాల చక్కెర పడాల, లేదంటే ఆ దినమంతా...