కెమెరకు తొడిగిన గాజు

“మామా, అమ్మ నౌకరి పోతుంటే నువ్వు ఫొటో తీసి కాపాడినవంట గద? అత్త చెప్పింది.”

మీ అత్త అట్లనే చెప్తది. కాపాడుడు తర్వాత, ముందుగాల సగం చెడగొట్టింది నేనే. చెప్త గని, జర ఆ ఫ్యాను తగ్గియ్యి, నా మాట నాకే ఇనొస్తలేదు.

అప్పుడు బోరబండల నాది ఫొటో స్టూడియో. స్టూడియో అంటే పెద్దగ అనుకోకు. ఒక స్టూలు, ఒక నీలం పరదా, దారంతోని కట్టేసిన దువ్వెన. పాస్‌పోర్టు ఫొటోలు తీసేటోణ్ణి. సగం మందివి కండ్లు మూసుకునే వచ్చేవి, తప్పు మీదే అని దబాయించేటోణ్ణి. మీ అమ్మ మాదాపూర్‌ల ఒక చిన్న కంపెనీల చేసేది. మిషన్లల్ల పెట్టే పచ్చ పలకలుంటయి సూడు, వాటి మీద సీసం కరగబెట్టి తీగెలు అతికించే పని. షేరింగ్ ఆటోల మూడు రూపాయలకు పోయేది. మూడా, నాలుగా? మూడే. నాలుగు చేసినప్పుడు వారం రోజులు నడిచి పోయింది, గంత మొండిది.

ఆ మొండిది ఓ రోజు ముఖం ఎర్రగ చేసుకొని వచ్చింది. బయటి దేశానికి పంపిన పలకలు పని చేస్తలేవని వాపసొచ్చినయట. మేనేజరు పిలిచి, “సుజాత గారూ, మీ అతుకులు సరిగ్గా లేవండి, ఒకటో తారీఖు నుంచి రావద్దండి” అన్నడట. “ఒక్కసారి సూడుండ్రి సార్” అంటే, “అవసరం లేదండి” అన్నడట. అండి అండి అనుకుంటనే కడుపు మీద కొట్టిండు. సూడకుండ ఎట్ల చెప్తవయ్యా? ఇప్పటికి గూడ తలుసుకుంటే నాకు ఒళ్లు మండుతది.

“అన్నా, నా అతుకు నాకెరుక. నువ్వు ఫొటో తియ్యి, ఆయన సూడనన్నా కండ్లల్ల పడేటంత పెద్దగ తియ్యి” అన్నది. అట్ల వాపసొచ్చి చెత్తల ఏసిన పలక ఒకటి అడుక్కొని తెచ్చింది.

సరే అన్న. అనుడు అల్కనే, చేసుడే కష్టం. దగ్గరికి పోతే నా లెన్సుకు అంత మసకే. దగ్గరి ఫొటోల లెన్సు కోఠిల అడిగితే, దుకాణపాయన నా స్టూడియో ఆర్నెల్ల కిరాయంత ధర చెప్పిండు. ఇగ నా తెలివి మొదలైంది. గడియారాలు బాగు చేసే దోస్తు కంటికి పెట్టుకునే అద్దం ఉంటది గద, అది తెచ్చి మైనంతోని లెన్సుకు అతికించిన. ఎలుగు కోసం ఎండల పెట్టిన. మైనం కరిగి కారింది, రెండు రోజులు దూది పట్టుకొని తుడుసుకుంట కూసున్న. లెన్సు తిరగేసి పెడితే చిన్నయి పెద్దగ కనవడతయని ఎవలో చెప్పిండ్రు. తిరగేసి చేత్తోని పట్టుకొని తీసిన. సందుల నుంచి ఎలుగు జొచ్చి ఫిలిం రోలంత ఖరాబు. మూడోసారి నల్లా పైపు ముక్క కోసి, లోపల నల్లరంగు పూసి, ఒక దిక్కు కెమెర మూతికి, ఇంకో దిక్కు తిరగేసిన లెన్సు. ఆ లెన్సుకు పైపుకు నడుమ సందు. ఆ సందుల సరిగ్గ కూసున్నది ఏందో ఎరుకనా? మీ అత్త ప్లాస్టిక్ గాజు.

“పెండ్లాం చేతిది గుంజి కెమెరకు తొడిగే మొగోణ్ణి నిన్నే సూస్తున్న” అన్నది. ఇంకా చాన అన్నది, అవి నీకొద్దు.

అప్పుడు మాదాపూర్ దిక్కు బిల్డింగుల కోసం బండలు పేలుస్తుండె. బోరబండ దాక అదిరేది. గింత దగ్గరి ఫొటోకు ఎంటికంత కదిలినా పోయినట్టే. బియ్యం సంచి మీద పలక, ఇంకో సంచి మీద కెమెర పెట్టి, మధ్యాహ్నం పేలుడు అయినంక ఊపిరి బిగబట్టి తీసిన. ఫిలిం నేనే కడిగిన, నేనే ప్రింటేసిన.

ఏం చెప్పాలె బిడ్డ! సీసం ముద్ద ముత్యం లెక్క నున్నగ ఉంది. అది మీ అమ్మ చెయ్యి. దాని పక్కన, బోల్టు బిగించిన కాడ, పలక చీలింది. సన్న చీలిక, కరెంటు పోయే రాగి గీతను కోసుకుంట పోయింది. ఆ బోల్టులు బిగించే మిషను కొత్తగ తెప్పించింది ఎవలు? ఆ మేనేజరే!

ఇద్దరం పోయినం. ఆయన ఫొటోను ఎలుగుకు పట్టి సూసిండు. “బాగుందండి. ఏం లెన్సండి ఇది?” అన్నడు. గక్కడ నోరు మూసుకోవాలె గద నేను? ఒకడు బాగుందంటే ఆగుతనా? సంచిలకెల్లి పైపు, గాజు, అంత తీసి బల్ల మీద పెట్టిన. పక్కున నవ్విండు. “దీంతోనా! ఆ గీత మీ లెన్సు మీదిదే అయి ఉంటుందండి. దీన్ని ఎవరు నమ్ముతారండి?”

మైనం తీసేటప్పుడు లెన్సును ఎంత రుద్దిన్నో నాకే ఎరుక. మీ అమ్మ నా దిక్కు సూడనన్న సూడలే. ఫొటో, పలక చేతిల పట్టుకొని సీదా లోపలి గదిలకు నడిచింది. ఆ గదిల పరీక్ష చేసే బల్ల, దాని మీద దీపం ఉన్న భూతద్దం. అతికించేటోళ్లకు ఆ గదిలకు పోయే హుకుం లేదు. ఆడోళ్లందరు పని ఆపి సూస్తున్నరు. దీపం ఏసింది, పలక పెట్టింది, “బోల్టు పక్కన సార్. వంగి సూడుండ్రి” అన్నది.

వంగిండు. సూసిండు. లేసి కండ్లద్దాలు తుడుసుకున్నడు. ఏమన్నడో చెప్పు? “సరేనండి, ఈసారికి క్షమిస్తున్నాం. మామూలుగానే రండి.”

క్షమించుడా! ఎవలు ఎవలను? అయినా నేనేం చేసిన? దొరికిందే చాలని, “పదవే” అని మీ అమ్మ మోచెయ్యి గుంజిన. నా చెయ్యి ఇదిలిచ్చేసింది.

“నేనేం తప్పు చేసిన సార్, క్షమించెటందుకు? తప్పు నా అతుకుది కాదని కాగితం మీద రాసియ్యిండ్రి. అప్పుడు వస్త.”

మేనేజరు ఆ ఆడోళ్ల దిక్కు సూసి కాగితం గుంజుకున్నడు. ఆయన రాసిండు. ఇంగ్లీషుల రెండు లైన్లు. తెలుగుల సదివి ఇనిపిచ్చేదాక మీ అమ్మ కాగితం ముట్టలే. ఆయన సదువుతుంటే ఆడోళ్లు ఇన్నరు.

నువ్వు గూడ రేపు నానక్‌రామ్‌గూడల కొలువుల చేరుతున్నవ్ గద. ఎవలన్న నిన్ను క్షమించిన అంటే, దేనికి అని అడుగు. నవ్వుకుంట అడిగినా సరే, అడుగు. సల్లగుండు బిడ్డ. చెయ్యి గుంజే మేనమామ ఆ పూట నీ పక్కన లేకుంట సల్లగుండు...