స్కోరు ఎంతయినా చివరి పది నిమిషాలు

1979 ఆగస్టు 16వ తేదీ, గురువారం ఉదయం పదిన్నర గంటలకు శ్రీ యాకోబుగారు మన తూర్పు మండల గిడ్డంగుల కార్యాలయంలో అటెండరుగా ఉద్యోగబాధ్యతలు స్వీకరించారు. నల్లగొండ జిల్లా పల్లె నుండి వచ్చిన బస్సు ఎల్బీ నగర్ చౌరస్తాలో దింపినప్పుడు ఆ ఇరవై నాలుగేళ్ల యువకుని చేతిలో ఉన్నవి రెండే: ఒకటి నియామకపు ఉత్తర్వు, రెండోది తల్లి ఎలీశమ్మగారు గుడ్డలో కట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు. ఉత్తర్వును పై అధికారికి సమర్పించి, రొట్టెలను తోటి అటెండర్లతో పంచుకుని, ఆనాటి నుండి నేటివరకు, అంటే దాదాపు ముప్పై నాలుగు సంవత్సరాలపాటు, ఈ కార్యాలయాన్ని తమ ఇల్లుగానే భావించిన ధన్యజీవి వారు.

1986లో రికార్డు అసిస్టెంటుగా, 1994లో జూనియర్ అసిస్టెంటుగా, 2004లో సీనియర్ అసిస్టెంటుగా, ఆపై సూపరింటెండెంటుగా వారు ఒక్కొక్క మెట్టూ ఎక్కారు. ఏ మెట్టూ ఎవరి సిఫారసుతోనూ ఎక్కలేదు. ఏ కాగితం ఏ బీరువాలో, ఏ అరలో, ఎన్నో కట్టలో ఉన్నదో కళ్లు మూసుకుని చెప్పగల జ్ఞాపకశక్తి వారిది. వారు సెలవు పెట్టిన రోజున మన ఆఫీసులో పాత ఫైలు దొరికిన దాఖలా లేదు. వచ్చే నెల నుండి ఏం చేస్తామో దేవుడికే తెలియాలి.

అయితే వారిని తలచుకున్నప్పుడు ముందుగా కళ్ల ముందు మెదిలేది ఫైళ్లు కావు, ఫుట్‌బాల్ బంతి. మన ఆఫీసు జట్టు ఘనతను గురించి ఎక్కువ చెప్పకపోవడమే మర్యాద. ఇన్నేళ్లలో ఆ జట్టు సాధించిన విజయాలను ఒక పోస్టుకార్డు మీద రాసి, మిగిలిన చోట క్షేమసమాచారాలు కూడా రాసుకోవచ్చు. అటువంటి జట్టును పట్టుకుని ఒక మనిషి ఇన్నేళ్లు ఎందుకు వేలాడాడో తెలియాలంటే 1983లో జరిగిన ఒక పోటీ సంగతి చెప్పాలి.

అప్పట్లో ఆడేది గుమాస్తాలు. అటెండరు యాకోబుగారి విధి నీళ్ల బిందె మోయడం, నిమ్మకాయలు కోయడం, మైదానంలో సున్నపు గీతలు గీయడం. నాలుగేళ్లు ఆ విధిని నిష్ఠగా నిర్వర్తించారు. ఆనాటి పోటీలో మనవాళ్లలో ఒకరి తర్వాత ఒకరికి పిక్కలు పట్టేశాయి. బదులు దింపడానికి మనిషి మిగల్లేదు. జట్టు బాధ్యులైన సూపరింటెండెంటు పట్టాభిగారు అటూ ఇటూ చూసి, "ఏమోయ్ యాకోబూ, ఇంకో పది నిమిషాలే ఉంది. వెళ్లి నిలబడు. ఏమీ చెయ్యకపోయినా ఫరవాలేదు" అన్నారు. ఆ పది నిమిషాలలో బంతి ఆయనను మూడుసార్లు తాకింది. అందులో ఒకటి ముఖానికే. మనవాళ్లు యథావిధిగా ఓడిపోయారు. కానీ యాకోబుగారు ఆ సంగతి చెప్పినప్పుడల్లా కళ్లు చెమర్చకుండా చెప్పలేరు. "గా పది నిమిషాలల్ల నన్నెవ్వలు అటెండరు అనలే సార్. 'యాకోబూ, ఇటియ్యి' అన్నరు. గంతే."

1991లో జట్టు బాధ్యత తమ చేతికి వచ్చిన రోజునే వారు రిజిస్టరు మొదటి పుటలో ఎర్రసిరాతో ఒక నియమం రాశారు: 'జట్టులో అందరికన్నా కొత్తగా చేరిన వారికి ప్రతి పోటీలోనూ చివరి పది నిమిషాలు. స్కోరు ఎంతయినా సరే.' కొత్త నియామకాలు నిలిచిపోయి, ఉన్న ఉద్యోగులకు పొట్టలు వచ్చి, ఆట క్రమంగా మన పిల్లల కాళ్లలోకి మారింది. కొత్తపేట నుండి, సైదాబాద్ నుండి, అటు పెద్ద అంబర్‌పేట్ నుండి కూడా సహోద్యోగుల పిల్లలు సాయంత్రాలు మన గిడ్డంగి ఆవరణకు చేరేవారు. వారిలో ఎవరు కొత్తవారైతే వారికి ఆ పది నిమిషాలు దక్కేవి. ఆ పది నిమిషాలలోనే మనం గోల్స్ సమర్పించుకున్న పోటీలు లెక్కకు మించినవి. ఈ నియమాన్ని అందరికన్నా ఎక్కువగా తిట్టిపోసినవారు భీమవరం వైపు నుండి 1995లో బదిలీపై వచ్చి, యాకోబుగారికి సహాయ శిక్షకులై, టీ కొట్టు దగ్గర ఆయనతో రోజూ పోట్లాడి, రోజూ ఆయన టీ కూడా తామే తెప్పించిన శ్రీ బాపిరాజుగారు.

2011వ సంవత్సరం వచ్చింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. మన ఉద్యోగ సంఘం శాఖకు కార్యదర్శిగా ఉన్న యాకోబుగారు, అందరూ చూస్తుండగా కార్యాలయం గేటుకు తమ చేతులతో తాళం వేసి, తాళంచెవిని శిబిరంలోని పెద్దలకు అప్పగించారు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఆగాక గుర్తుకొచ్చింది ఆయనకు, జట్టు బూట్లు, వలలు, బంతులు అన్నీ లోపలే ఉండిపోయాయని! లీగులో మన జట్టు అట్టడుగున ఉన్నది. అక్టోబర్ 16న జరిగే ఆఖరి పోటీలో ఓడితే లీగు నుండి పేరు కొట్టివేస్తారు. పేరు పోతే ఈ పిల్లలకు ఆడుకునే జట్టే ఉండదు.

సమ్మెలో లేని బాపిరాజుగారు శిబిరం దగ్గరకు వచ్చి ఆయనను పక్కకు పిలిచారు. "మీరు వేసిన తాళమే కదండీ! ఓ ఐదు నిమిషాలు తీసి బూట్లు తెచ్చుకుంటే ఎవరేమంటారు?"

"నేనేసిన తాళం నేనే తీస్తే ఇగ సమ్మె ఏందన్నా?" అన్నారు యాకోబుగారు.

అదృష్టం కొద్దీ కుట్లు వేయించడానికి తీసుకెళ్లిన బంతి ఒకటి బాపిరాజుగారి ఇంట్లో మిగిలింది. బందు రోజుల్లో విజయవాడ రహదారి మీద పురుగు కూడా తిరగడం లేదు. ఆ ఖాళీ రహదారే మన మైదానమైంది. ఒక పక్క వంటావార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి అందరికీ వండి పెట్టే ఆ ఉద్యమపు వంటశాలకు పెద్దదిక్కు ముత్తమ్మగారు. "ఆడుకుంటే ఆడుకోండ్రి గని, బంతి నా గంజుల పడ్డదో, కోసి కూరొండుత!" అని ఆమె పొయ్యి మీది పెద్ద గిన్నె వైపు గరిటె చూపి హెచ్చరించారు. ఉన్నది ఒక్కటే బంతి. దానితో పిల్లలు నేల విడవకుండా, చిన్న చిన్నగా ఒకరి నుండి ఒకరికి అందించుకోవడం నేర్చుకున్నారు. ఏ శిక్షకుడూ ఇరవై ఏళ్లలో నేర్పలేని విద్యను ముత్తమ్మగారి పప్పుచారు గంజు పది రోజులలో నేర్పింది.

అప్పటికి రెండు వారాల క్రితమే జట్టులో చేరిన పిల్లవాడు బాపిరాజుగారి చిన్న కుమారుడు ఉపేంద్ర. పద్నాలుగేళ్లవాడు. ఆట అయ్యాక అందరితోపాటు విస్తరి ముందు కూర్చోవడానికి మొహమాటపడుతూ నిలబడితే ముత్తమ్మగారే పిలిచారు. "ఏంది బిడ్డా గట్ల నిలవడ్డవ్? ఆకలికి ఆంధ్ర, తెలంగాణ ఉంటదా? కూసో. నువ్వయితే బంతి పైకి లేపలే, నీకు ఇంకింత ఏస్త."

అక్టోబర్ 16, ఆదివారం. బస్సులు లేవు. పిల్లలు, శిక్షకులు ఎల్బీ నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా మలక్‌పేట్ పక్కనున్న మైదానానికి నడుచుకుంటూ వెళ్లారు. బాపిరాజుగారి స్కూటరు మీద నీళ్లు, నిమ్మకాయలు, అరువు తెచ్చిన బూట్లు. ఆ రోజు మన పిల్లలు ఆడిన ఆటను చూడనివారిది దురదృష్టం. బంతి నేల విడిచిందా అంటే విడవలేదు! ఎనభయ్యో నిమిషానికి స్కోరు ఒకటి-ఒకటి. అలాగే ముగిస్తే చాలు, జట్టు బతుకుతుంది.

ఉపేంద్ర లేచి నిలబడ్డాడు. బూట్ల తాళ్లు బిగించుకున్నాడు. బాపిరాజుగారు నియమాన్ని ఇన్నేళ్లుగా తిట్టిన మనిషే అయినా, ఆనాడు తల దించుకుని తమ చెప్పులకేసి చూసుకుంటూ ఉండిపోయారు. యాకోబుగారు పిల్లవాడి భుజం మీద చెయ్యి వేశారు. మైదానం వైపు చూశారు. గడియారం చూశారు. ఆపై ఆ భుజాన్ని మెల్లగా కిందికి నొక్కి, "కూసో బిడ్డా" అన్నారు.

పోటీ ఒకటి-ఒకటితోనే ముగిసింది. జట్టు బతికింది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొడుతూంటే, గట్టు మీద ఒక్కడే కూర్చుని ఉపేంద్ర బూట్ల తాళ్లు విప్పుకుంటున్నాడు. పాపం, పసివాడు!

మరునాడు శిబిరంలో ఎవరో యాకోబుగారి వీపు తట్టారు. "మంచిగ జేసినవే అన్నా. ఆంధ్ర పోరన్ని దింపకపోతివి." ఆ మెచ్చుకోలు ఆయనకు చెంపదెబ్బలా తగిలింది. అటు సైదాబాద్‌లో బాపిరాజుగారి శ్రీమతి ఉదయలక్ష్మిగారు కూడా అదే అనుకుని కంటతడి పెట్టారని విన్నారు. తిన్న అన్నం చేదైంది. యాకోబుగారు శిబిరంలోంచి లేచి, ఎవరికీ చెప్పకుండా, మిట్టమధ్యాహ్నపు ఎండలో సైదాబాద్ దాకా నడిచి వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టారు.

ఉదయలక్ష్మిగారు మంచినీళ్లు ఇచ్చారు గాని, మాట దాచుకోలేదు. "పదహారేళ్లుగా మా ఇంట్లో మనిషిలా తిరిగారు, అన్నయ్యగారూ. మావాణ్ణి పరాయివాడిలా చూస్తారని ఎప్పుడూ అనుకోలేదండీ."

"అమ్మా, ఆంధ్ర పోరడని కాదు. నా బిడ్డ రూబీ మీద ఒట్టు." యాకోబుగారు చేతిలోని గ్లాసు కింద పెట్టారు. "ఓడిపోతమని భయపడ్డ. ఇరవై ఏండ్ల సంది ఓడిపోవుడే నా పని, యాడికెల్లి భయం వచ్చిందో వచ్చింది. నేను రాసిన మాట నేనే తప్పిన. నీతోని కాదమ్మా, పిల్లగానితోని మాట్లాడనీకి వచ్చిన." అని ఉపేంద్ర వైపు తిరిగి, ఆ పెద్దమనిషి రెండు చేతులూ జోడించారు. "తప్పయింది బిడ్డా."

పిల్లవాడు కంగారుపడి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. "నాకూ భయమేసింది సార్. మీరు కూర్చోమన్నప్పుడు కొంచెం హాయిగా కూడా అనిపించింది. తర్వాతే ఏడుపొచ్చింది." ఆపై, "ఇంకెవర్నీ అలా కూర్చోబెట్టకండి సార్. ఓడిపోయినా సరే" అన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ బాపిరాజుగారు ఆ మాట విని తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నారు. ఉదయలక్ష్మిగారు లోపలికి వెళ్లి, విస్తరి వేసి, యాకోబుగారికి అన్నం వడ్డించారు.

సమ్మె ముగిసి గేటు తాళం తీసిన నాడు యాకోబుగారు చేసిన మొదటి పని, ఆ రిజిస్టరు తెరిచి నియమం కింద ఇంకో పంక్తి రాయడం: '16-10-2011న ఈ నియమం తప్పినవాడు యాకోబు.' సంతకం చేశారు. కావలసినవారు ఇప్పటికీ చూడవచ్చు. తరువాతి ఏడాది తొలి పోటీలో చివరి పది నిమిషాలూ ఉపేంద్ర ఆడాడు. మనం మూడు గోల్స్ సమర్పించుకున్నాం. ఆ రోజు యాకోబుగారి మొహంలో కనిపించిన వెలుగు, పోటీ గెలిచినవారి శిక్షకుడి మొహంలో కూడా లేదు!

ఇక ఇప్పటి మాట. ఈ నెల 30వ తేదీన వారు పదవీ విరమణ చేస్తున్నారు. జట్టు శిక్షణ బాధ్యతను, ఒకప్పుడు ఇదే జట్టులో పది నిమిషాలతో మొదలుపెట్టిన ఆనంద్ కుమార్‌కు అప్పగించారు. పట్టుదల గల యువకుడు, గెలవాలన్న ఆకలి ఉన్నవాడు. ఉపేంద్ర ఇప్పుడు జట్టు నాయకుడు. ఇద్దరూ కొత్త ఆటగాళ్ల కోసం బళ్ల చుట్టూ తిరుగుతున్నారు, వేకువనే పరుగులు తీయిస్తున్నారు. అది చూసి సంతోషిస్తూనే యాకోబుగారి మనసులో ఒక ముల్లు. మొన్న టీ కొట్టు దగ్గర బాపిరాజుగారితో అననే అన్నారు. "పోరగాండ్లు గెలుస్తరన్నా, నాకు నమ్మకమున్నది. గని, నేను పోయినంక ఆ పది నిమిషాలు ఉంటయంటవా? గెలుపు రుచి మరిగినోళ్లకు యాది ఉంటదా?" అడగవలసిన ఆనంద్‌ను మాత్రం అడగలేదు. అడిగితే ఆజ్ఞాపించినట్టవుతుందని ఆయన బెంగ. బాపిరాజుగారు ఏ జవాబూ చెప్పకుండా టీ తాగేశారు. జవాబు అప్పటికే తయారై ఉండడమే అందుకు కారణం.

యాకోబుగారూ, పక్షం రోజులుగా పింఛను కాగితాల మీద మీరు సంతకాలు చేస్తూ వచ్చారు కదా? ముప్పై నాలుగేళ్లలో చదవకుండా ఒక్క కాగితం మీద సంతకం పెట్టని మీరు, బాపిరాజుగారు అందించారని ఆ కట్టను మాత్రం చదవకుండానే ముగించారు. వాటి మధ్య ఒకటి పింఛను కాగితం కాదు. ఉద్యోగులు కానివారు జట్టులో సభ్యులుగా చేరడానికి నింపే దరఖాస్తు అది. జూలై 1వ తేదీతో మీరు మన జట్టు సభ్యులవుతారు. అందరికన్నా కొత్తవారు మీరే. జూలై 7, ఆదివారం జరిగే లీగు తొలి పోటీకి ఆనంద్, ఉపేంద్ర కలిసి రాసిన ఆటగాళ్ల జాబితా మన కార్యాలయ పత్రిక ఈ సంచిక వెలువడే నాటికి నోటీసు బోర్డుకు ఎక్కి ఉంటుంది. అందులో ఆఖరి పంక్తి ఎర్రసిరాతో ఉన్నది: 'చివరి పది నిమిషాలు: యాకోబు సార్. స్కోరు ఎంతయినా సరే.'

ఆ పది నిమిషాలకు సరిపడా మోకాళ్ల సత్తువను, ఆపైన ఈ పిల్లల పిల్లలు కూడా కొత్తగా జట్టులో చేరడం కళ్లారా చూసేంతటి ఆయువును, నిండు ఆరోగ్యాన్ని, రూబీకి, మీ ఇంటిల్లిపాదికి సకల శుభాలను ఆ ప్రభువు మీకు ప్రసాదించాలని కార్యాలయమంతా ముక్తకంఠంతో కోరుకుంటున్నది. ఆదివారం త్వరగా రండి సార్. బిందె మేం మోస్తాం, నిమ్మకాయలు మేం కోస్తాం. మీరు బూట్లు వేసుకోండి చాలు.