సరిపోతున్న చొక్కా

ఆస్పత్రిలో డైట్ డాక్టరు గది. తెర అవతల మంచం మీద టైలరు పడుకుని ఉన్నాడు. ఊపిరి కొలిచే గాజు డోము అతని తల మీద బోర్లించి ఉంది. తెర ఇవతల డాక్టరు, టైలరు భార్య.

“ఆరు కేజీలా! కాదు డాక్టరమ్మా, మీ తూకం మిషనే ఏదో...”

“మిషను బాగానే ఉందమ్మా. ఆపరేషనైన రెణ్ణెల్లలో మీ ఆయన ఆరు కేజీలు తగ్గారు.”

“పెద్ద కోత కూడా లేదు కదండీ. కెమెరా పెట్టి, నాలుగు చిల్లుల్లోంచే అన్నవాహిక తీసేశారు. వారానికే లేచి తిరిగారు.”

“చిల్లులు చిన్నవే. లోపల చేసింది పెద్ద పని. అది మానేదాకా మనిషి పడుకున్నా ఒళ్ళు ఖర్చు పెడుతూనే ఉంటుంది. ఊపిరి కొలిస్తే అదే తెలుస్తోంది. పొయ్యి ఆరట్లేదు, కట్టెలు లేవు, ఇంటి వాసాలు పీకి కాలుస్తోంది. అందుకే కదా పొట్టకి గొట్టం పెట్టి, రోజూ డబ్బా పాలు ఎక్కించమన్నాం?”

“ఎక్కిస్తున్నాం... ఎక్కించాం.”

“ఎప్పటిదాకా?”

“ఆయన వద్దంటున్నారు.”

“ఎప్పటిదాకా అమ్మా?”

“ఆపి మూడు వారాలైంది.”

“మూడు వారాలా! ఎందుకాపారు?”

“చొక్కా సరిగ్గా సరిపోతోంది, ఇంకా గొట్టమెందుకు అంటారు. టైలరు కదండీ, కొలత తప్ప ఇంకోటి నమ్మరు.”

“ఆరు కేజీలు తగ్గిన మనిషికి పాత చొక్కా ఎలా సరిపోతుంది? అమ్మా, మిమ్మల్నే.”

“నేనే...”

“మీరే?”

“నేనే కుదిస్తున్నా. మధ్యాహ్నం ఆయన కునుకు తీసినప్పుడు, వారానికో అరంగుళం. ఇంటికొచ్చిన కొత్తలో చొక్కా తొడుక్కుని, ‘మేకుకి తగిలించినట్టుందే’ అని కూలబడిపోయారు. ఆ మొహం చూళ్ళేకపోయానండీ.”

“ధైర్యంగా ఉంటారనుకున్నారు.”

“అంటే గొట్టం మాన్పించింది నేనేనా? చెప్పండి. నా చేతులతో నేనే ఆయన్ని ఎండబెట్టానా?”

“మెల్లిగా అమ్మా, వింటారు.”

“విన్నాలే. ఈ గాజు బుర్ర కాస్త తియ్యండి డాక్టరమ్మా.”

“ఏవండీ, నేను...”

“ఏడవకు. ముప్పై ఏళ్ళు నా పక్కన కూచుని కాజాలు కుట్టావు. నీ చెయ్యి నేను గుర్తుపట్టనా? మొదటి చొక్కాకే తెలిసింది.”

“తెలిసీ గొట్టం ఎందుకొద్దన్నారు?”

“అది తగిలించినప్పుడల్లా వంటింట్లోకెళ్ళి ఏడుస్తున్నావు. చొక్కా సరిపోయిందంటే నవ్వుతున్నావు. నాకు ఆ నవ్వే కావాలనిపించిందే.”

“ఇవాళే మొదలుపెడదాం. ఆరు కేజీలేగా, వచ్చేస్తాయి కదా డాక్టరమ్మా?”

“కష్టమే గానీ ఆశ ఉందమ్మా. ఆరంటే ఇంకా లాక్కురాగలం. అంతకు మించి తగ్గుంటే మాత్రం నేను మాటివ్వలేకపోయేదాన్ని.”

“ఏమే, ఇలా రా. ప్యాంటు కుదించడం మర్చిపోయావు, అందులో బోలెడు చోటుంది. తొడలకి కట్టుకున్నా చూడు, ఆ ముళ్ళు విప్పు. కొట్లో గుడ్డ కత్తిరించేటప్పుడు జారకుండా పైన పెట్టే ఇనప దిమ్మలు, కేజీవి, నాలుగు. అవి తీసి, తూకం మళ్ళీ చూడమను.”